రూబీ ఏరిన రాళ్ళు

ఇంటికి అతిథి వచ్చే రోజున కూడా రూబీ చేట ముందేసుకుని బియ్యం ఏరుతోంది. పెంటపాడు పొలంలో పండిన ధాన్యాన్ని రోడ్డు మీద ఎండబోసి, ఊళ్ళో చిన్న మిల్లులో ఆడిస్తారు కాబట్టి తారురోడ్డు కొంత బస్తాలోకి వచ్చి చేరుతుంది. రాయి లేని బియ్యం తాడేపల్లిగూడెంలో ఏ కొట్లో అడిగినా ఇస్తారు. కానీ సొంత బియ్యం తినడంలో ఉన్న గొప్ప వేరని అత్తగారు సారమ్మ అంటుంది. గొప్ప ఆవిడది, కళ్ళు రూబీవి. పెళ్ళయిన మూడో నెలలో, భోజనానికి వచ్చిన పాస్టరు గారి పంటి కింద రాయి పడింది. "దేవుడు కళ్ళెందుకిచ్చాడమ్మా నీకు?" అంది సారమ్మ అందరి ముందూ. ఇది జరిగి ఇరవై నాలుగేళ్ళు. ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరి పంటి కిందా రాయి పడలేదు. ఆ సంగతి ఎవరూ గమనించనూ లేదు. పడితేనే కదా తెలిసేది.

ఆ కళ్ళే నాలుగేళ్ళ క్రితం వేరే రాయిని పట్టుకున్నాయి. ఈ ఇల్లు కట్టేటప్పుడు స్థలం పల్లంగా ఉందని గ్రావెల్ తోలించారు. భర్త ఆనంద్ పాల్ హైస్కూలు హెడ్మాస్టరు, ఆయనకి తీరికెక్కడిది? గోడలు తడపడం, మేస్త్రీలకి టీలు అందించడం, ట్రాక్టర్ల వెంట తిరగడం అన్నీ రూబీ పనులే. ఒకరోజు దింపిన ఎర్రమట్టిలో తెల్లటి బంకరాయి ముక్క ఒకటి బిస్కట్టులా రెండుగా విడిపోయి, లోపల ఈతాకులాంటి చిన్న ఆకు అచ్చు కనబడింది. డిగ్రీ రెండో ఏడాదిలోనే పెళ్ళితో ఆగిపోయిన బోటనీ ఆవిడకి ఒక్కసారిగా గుర్తొచ్చింది. ఇది ఇప్పటి ఆకు కాదు. కోట్ల ఏళ్ళ నాటిది. ఆ మట్టి ఎక్కడిదని ట్రాక్టరు వీరాస్వామిని అడిగితే, ద్వారకా తిరుమల దాటాక గుట్ట దగ్గరిదమ్మా అన్నాడు. ఆ శనివారమే రూబీ బస్సెక్కింది.

అప్పటినుంచి నెలకో శనివారం. తాపీమేస్త్రీ వదిలేసిన సుత్తి, పాత టూత్‌బ్రష్, సెల్‌ఫోనులో చదువుకున్న చదువు, అవే ఆవిడ సరంజామా. దొరికిన ప్రతి రాతికీ ఓ మూల తెల్లటి గోళ్ళరంగు చుక్క పెట్టి, ఆరాక దాని మీద సన్నపెన్నుతో నెంబరు వేసేది. కూతురు బ్లెస్సీ వాడకుండా వదిలేసిన రికార్డు పుస్తకంలో ఆ నెంబరు కింద రాయి బొమ్మ గీసి, ఏ గుట్ట, ఏ పక్క, ఏ పొర, ఏ తేదీ అన్నీ రాసేది. రాళ్ళని చేపల మార్కెట్లో పడేసిన థర్మాకోల్ పెట్టెల్లో దాచింది. నీచు కంపని సారమ్మ ముక్కు మూసుకునేది. ఇంటికెవరొచ్చినా ఆనంద్ పాల్ నవ్వుతూ, "మా ఆవిడకి చేటలో రాళ్ళు చాల్లేదండి" అనేవాడు. వచ్చినవాళ్ళూ నవ్వేవారు. రూబీ కాఫీ ఇచ్చేది.

బ్లెస్సీ ఏలూరులో చదువుతోంది. ఆ పిల్ల చూపించిన ఫోటోలు చూసి, కాలేజీలో జియాలజీ చెప్పే ఇందు ఇంటికి ఫోన్ చేసింది. కొత్తగా మ్యూజియం గది పెడుతున్నామని, వచ్చి చూస్తామని చెప్పింది. ఫోనెత్తింది ఆనంద్ పాల్. అంతే, పెట్టెలకి నీచు కంపు పోయింది, 'మా కలెక్షన్' అనే పేరొచ్చింది. రెండు రోజుల్లో ప్రెస్సు నుంచి అట్టముక్కలు అచ్చయి వచ్చాయి. 'సేకరణ: ఆనంద్ పాల్, ప్రధానోపాధ్యాయులు.' నా పేరేదండీ అని రూబీ అడిగితే, "నీ పేరైనా నా పేరైనా ఒకటే కదా. హెడ్మాస్టరంటే కాస్త బరువుంటుంది రూబీ" అన్నాడు మెత్తగా. ఆయన స్కూలు రిపోర్టులు ఇన్నేళ్ళూ రాసిపెట్టింది ఆవిడే. వాటి కింద సంతకం ఆయనది. అప్పుడు బాధ పడలేదు. ఇప్పుడు పడింది.

అది చాలదన్నట్టు, ఇందు వచ్చే రోజు తెల్లారి లేచి చూస్తే రాళ్ళన్నీ హాల్లో టేబుల్ మీద ఆకుపచ్చ గుడ్డ పరిచి పేర్చి ఉన్నాయి. ఒక్కదాని మీదా చుక్క లేదు. గోళ్ళరంగు మరకలు అసహ్యంగా ఉన్నాయని ఆయన కూర్చుని థిన్నరుతో అన్నీ తుడిచేశాడట. రూబీ వెళ్ళి చేట తీసుకుంది.

ఇందు పదకొండింటికి వచ్చింది. చుట్టలు తిరిగిన గుల్ల అచ్చున్న రాయిని భూతద్దంలో చూసి, ఎక్కడిదండీ అనడిగింది. ఆనంద్ పాల్ తడుముకోలేదు. ఈ ప్రాంతంలో పుట్టినవాడికి గుల్ల కనబడితే కొల్లేరే. చిన్నప్పుడు గోడలకి పూసిందంతా ఆ గుల్లలు కాల్చిన సున్నమే.

"కొల్లేరుదేనండి. లంకల్లో కోకొల్లలు."

మరి ఈ ఆకు రాయి అంటే, అదీ అక్కడేనన్నాడు. ఇందు ముఖం వాడిపోయింది. కొల్లేరు గుల్లలు నిన్నమొన్నటివి, ఇవి వేరు, ఎక్కడెక్కడివో కలిసిపోయినట్టున్నాయి అంది. "ఏ చోటివో తెలియకపోతే మ్యూజియంలో పెట్టలేమండి. ఉత్త రాళ్ళే అయిపోతాయి" అని పెన్నుకి మూత పెట్టేసింది.

రూబీ కాఫీ ట్రేతో గుమ్మంలో నిలబడి ఉంది. నోరు విప్పితే పరాయి మనిషి ముందు భర్త పరువు పోతుంది. ఆ పరువు పోకుండా చూడడం కూడా ఇన్నాళ్ళూ ఆవిడ పనే. విప్పకపోతే నాలుగేళ్ళ శనివారాలు ఈ పూటతో చెత్తకుప్పలోకి పోతాయి. ఎంతసేపో ఆలోచించలేదు.

"ఏవండీ, ఇది కాస్త పట్టుకోండి" అని ట్రే ఆయన చేతుల్లో పెట్టింది. ఆయన లేచి అందుకున్నాడు. ఆ కుర్చీలో రూబీ కూర్చుంది.

"ఇది ద్వారకా తిరుమల దాటాక ఉన్న గుట్టదండి. దానికి పడమటి పక్క తవ్వారు. ఎర్ర గ్రావెల్ కింద రెండో పొర, తెల్ల బంకరాయి. పోయినేడు జూలైలో, వానకి విరిగిపడ్డాక దొరికింది."

టేబుల్ సొరుగులోంచి రికార్డు పుస్తకం తీసి తెరిచింది. నెంబర్లు పోతేనేం, బొమ్మలున్నాయి, అంతకుమించి కళ్ళున్నాయి. ఒక్కో రాయినీ తీసి దాని బొమ్మ మీద పెడుతూ పోయింది. ఇది ఏడు, ఇది నలభై రెండు, ఇది నూట పదకొండు. ఒక్కటీ తప్పలేదు. ఇందు పెన్ను మూత ఎప్పుడో తీసేసింది. చివరి రాయి దగ్గర చెయ్యి ఆపి, ఆకూ గుల్లా ఒకే రాతిలో ఉన్నాయేమిటండీ అంది.

"అక్కడ సముద్రపొడ్డు ఉండేదండి. ఒడ్డు మీది చెట్టు ఆకు రాలి నీళ్ళలో పడింది" అంది రూబీ, పక్కింటి పెరటి సంగతి చెప్పినట్టు. ఆ సంగతి ఆవిడకి మూడేళ్ళుగా తెలుసు. ఎవరూ అడగలేదు.

ఇందు అట్టముక్కల వైపు చూసింది, తర్వాత ట్రే పట్టుకుని నిలబడ్డాయన వైపు చూసింది. సేకరించినవారి పేరు ఏమని రాయమంటారని అడిగింది.

"రూబీ అని రాయండి. వెనకాల ఎవర్నీ చేర్చకండి."

సాయంత్రం సారమ్మ, మగాడి పరువు గంగలో కలిపావని చాలాసేపు సణిగింది. రూబీ అంతా విని, ఇకనుంచి ప్రతి శనివారం ఇందుతో కలిసి గుట్టకి వెళ్తున్నానని చెప్పి, సగం ఏరిన చేట తెచ్చి ఆనంద్ పాల్ ముందు పెట్టింది. సొంత బియ్యం తినాలంటే ఎవరో ఒకరు ఏరాలి కదండీ అంది. ఆయన టీవీ చూస్తూ ఏరాడు.

మరుసటి ఆదివారం చర్చి నుంచి వచ్చి అందరూ భోజనాలకి కూర్చున్నారు. రెండో ముద్దకే ఆనంద్ పాల్ నోట్లో కటుక్కుమంది. సారమ్మ తలెత్తి, అలవాటు కొద్దీ కోడలి వైపు చూసింది. రూబీ తన ముద్ద తను నిదానంగా తిని, ఎడంచెయ్యి చాచి, ఇటివ్వండి చూద్దాం అంది. కిటికీ వెలుగులో ఆ రాయిని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఉత్త పలుగురాయేనండి" అని ఆయన కంచం పక్కన పెట్టింది. "దీనిమీద మీ పేరు రాసుకోండి."