కుడి పక్క సీటు

తడి దుప్పట్ల బండిని భుజంతో నెట్టుకుంటూ వెర్నన్ పెల్కీ ఆరబెట్టే యంత్రం దగ్గరికి వచ్చాడు. ఆసుపత్రి లాండ్రీలో శనివారం పొద్దున ఇద్దరే ఉంటారు, ఆ రెండోవాడు ఇవాళ ఎగ్గొట్టాడు. ఒక్కడే లాగాడు, విదిల్చాడు, లోపలికి తోశాడు. యాభై దాటిన మనిషి. పొట్టి మెడ, వంగిన భుజాలు, బ్లీచు తిని పాలిపోయిన వేళ్ళు, ఎప్పుడూ నిద్ర చాలని కళ్ళు. ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ ఆ లాండ్రీ సెల్లార్‌లోనే ఉన్నాడు. పై అంతస్తుల డాక్టర్లకు అతని పేరు తెలియదు, అతనికి వాళ్ళ పేర్లతో పనిలేదు. చేతులు మడతలు పెడుతున్నాయి గానీ బుర్ర మాత్రం పొద్దుటి నుంచీ, ఇవాళ చూడబోయే రెండు కార్ల మధ్య తచ్చాడుతోంది.

పాత కారు పని అయిపోయింది. సాగినా ఊళ్ళో చలికాలం మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు దాని అడుగంతా తినేసింది. పోయిన సీజను చివర్లో రేస్ ట్రాక్ దగ్గర తనిఖీ చేసే పెద్దమనిషి కారు కింద దూరి స్క్రూడ్రైవరుతో పొడిస్తే, అది పిడి దాకా దిగబడింది. ఇక దీన్ని ట్రాక్ మీదికి వదలనని చెప్పేశాడు. వెర్నన్‌కు తాగుడు లేదు, చేపలు పట్టే సరదా లేదు, పెళ్ళాం ఎప్పుడో వెళ్ళిపోయింది. ఎండాకాలంలో నెలకో ఆదివారం, సొంత కార్లు తెచ్చుకున్న వాళ్ళను ట్రాక్ మీద తిరగనిస్తారు. పందెం లేదు, బహుమతి లేదు. ఆ ఆదివారం కోసమే మిగతా రోజులను ఎలాగో ఈడ్చేవాడు. రెండు కార్లు పెట్టుకునే తాహతు లేదు కాబట్టి మంచులో పనికి పోవాలన్నా, ట్రాక్ మీద పరిగెత్తాలన్నా ఒక్క దానితోనే సరిపెట్టుకోవాలి. అదీ ఎవరో వాడి వదిలేసిన దానితో.

అక్కడి కార్లకు స్టీరింగు ఎడమ వైపు, కుడి పక్క సీటులో గస్ హ్రుస్కా కూర్చునేవాడు. రొట్టెల వ్యాను నడిపి రిటైరైన మనిషి, ట్రాక్ మీద కొత్తవాళ్ళ పక్కన కూర్చుని నేర్పేవాడు. వెర్నన్ కొత్తవాడు కాకుండా పోయి చాలా ఏళ్ళయింది. అయినా గస్ దిగలేదు, వెర్నన్ దిగమనలేదు. గస్ నోరు విప్పాడంటే తప్పు చేస్తున్నట్టే. "లేటు." "చూపెక్కడ?" "కాలు తియ్యి." ఏ చుట్టులోనైనా మాట్లాడకుండా కూర్చున్నాడంటే అదే మెచ్చుకోలు. నోరారా బాగుందని అన్న పాపాన పోలేదు మహానుభావుడు. అలాంటి మౌనం ఎండాకాలమంతా తిరిగితే ఒకటో రెండో సార్లు దొరికేది. వెర్నన్ దాన్ని చలికాలమంతా నెమరువేసుకునేవాడు.

ఈ చలికాలం గస్ గుండె సగం చేతులెత్తేసింది. డాక్టరు స్టీరింగు ముట్టుకోవద్దన్నాడు. పక్కన కూర్చోవద్దని మాత్రం అనలేదని గస్ వాదన. అడిగి ఉండడని వెర్నన్‌కు తెలుసు, రెట్టించలేదు.

డ్యూటీ దిగి, గస్‌ను ఎక్కించుకుని ముందు ఫ్లింట్ అనే ఊరికి వెళ్ళాడు. ఒక పళ్ళ డాక్టరు ఇంటి ముందు ఎర్ర కారు ఉంది. రెండే సీట్లు, నేలకు జానెడు ఎత్తు, తేలిక. ఊరి చివరి దాకా నడిపి చూశాడు. కొలిచి కుట్టించుకున్న చొక్కాలా ఒంటికి అతుక్కుపోయింది. చెయ్యి ఇటు తిప్పాలనుకునే లోపే ముక్కు ఇటు తిరిగింది. ఇదే, ఇంకేదీ వద్దు అనిపించింది. ఎన్నేళ్ళకో ఒంట్లో హుషారు పుట్టింది.

తిరిగొచ్చి ఆపాక గస్ దిగలేకపోయాడు. ఒక కాలు బయటపెట్టి ఆగిపోయాడు. తలుపు పట్టుకున్నాడు, వదిలేశాడు, మళ్ళీ పట్టుకున్నాడు. చివరికి వెర్నన్ చంకల కింద చేతులు వేసి లేపాడు. గస్ గడ్డి మీద చతికిలబడి, మొహం బూడిద రంగుకు తిరిగి, చాలాసేపు ఊపిరి కోసం తంటాలు పడ్డాడు. పళ్ళ డాక్టరు మర్యాదగా ఎటో చూశాడు. సాయంత్రం ఇంకొకరు చూడటానికి వస్తున్నారని, ఏ సంగతీ ఆలోపే చెప్పమని అన్నాడు.

దారిలో కోనీలు అమ్మే హోటల్లో కూర్చున్నారు. రొట్టెలో సాసేజి పెట్టి, పైన మాంసం కూర పోసి తెచ్చారు. గస్ తినకుండా ఉల్లిపాయ ముక్కల్ని పక్కకు తోస్తున్నాడు.

"ఎర్రది కొనుక్కో" అన్నాడు.

"క్లచ్ జారుతోంది గురూ."

"నీ మొహం. ఆ క్లచ్ మనిద్దరికంటే గట్టిగా ఉంది." గస్ ఫోర్కు కింద పెట్టాడు. "నా మోకాళ్ళని చూసి కారు కొంటావట్రా? పక్కన ఇంకొకణ్ణి కూర్చోబెట్టుకో. నేర్పేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు."

"వాళ్ళు వాగుతారు" అన్నాడు వెర్నన్.

గస్ నవ్వబోయి దగ్గాడు. వెర్నన్ అతని మంచినీళ్ళ గ్లాసు ముందుకు జరిపి తల వంచుకుని తిన్నాడు. ఎర్రదాని మీద మనసు పీకుతూనే ఉంది. ఇలాంటిది మళ్ళీ కొనే యోగం తనకు ఉండదు. కానీ పక్క సీటు ఖాళీగా పెట్టుకుని ట్రాక్ మీద తిరగడం ఊరికే పెట్రోలు తగలెయ్యడమే. ఆ ముక్క మొహాన చెప్పుకునే అలవాటు ఇద్దరికీ లేదు.

రెండోది బూడిద రంగు, నాలుగు తలుపులది. చూస్తే గుమాస్తా కారు, కింద ఇంజను మాత్రం గట్టిది. అమ్మే ఆవిడ వెల్మా, బడి పంతులమ్మ. తన భర్త దీన్ని ట్రాక్ మీద తిప్పేవాడనీ, నడుము పట్టేసి మానుకున్నాడనీ, ఆ మాట వినగానే కొనడానికి వచ్చినవాళ్ళు జారుకుంటున్నారనీ ముందే చెప్పేసింది. తలుపు మీద అంకె అంటించి పీకిన జాడ ఇంకా ఉంది. గస్ దాన్ని బొటనవేలితో తడిమి చూశాడు. ట్రాక్ మీదికి తీసుకెళ్ళేవాడు బ్రేకులూ ఆయిలూ గడువుకు ముందే మారుస్తాడనీ, పారిపోయినవాళ్ళంతా తెలివితక్కువ దద్దమ్మలనీ తేల్చేశాడు. తలుపు తీసి తనంతట తాను కూర్చున్నాడు, తనంతట తానే లేచాడు. మళ్ళీ కూర్చున్నాడు. వెర్నన్ వైపు చూడనేలేదు.

వెర్నన్ నడిపి చూశాడు. బరువైన బండి, ముక్కు కాస్త మొద్దు, లోపం ఏమీ లేదు. కొనేశాడు. వెల్మా ఇంటి ముందు నిలబడే పళ్ళ డాక్టరుకు ఫోను చేసి ఎర్రది వద్దని చెప్పాడు. తుక్కువాళ్ళు సోమవారం వచ్చి తీసుకుపోయేలా పాత కారును అక్కడే వదిలి, అక్కడి రూలు ప్రకారం దాని నంబరు ప్లేటు ఊడదీసి దీనికి బిగించాడు.

బయల్దేరబోతుంటే గస్ కోటు జేబులోంచి నీలం టేపు తీశాడు. పళ్ళతో ముక్క తెంచి స్టీరింగు నడినెత్తిన అంటించాడు.

"వంపు దాటాక ఇది మళ్ళీ పైకి రావాలి" అన్నాడు. "మొద్దు బండి. తొందరపెట్టకు. పద."

హైవే ఎక్కే వంపులో వెర్నన్ నెమ్మదిగా బ్రేకు వదిలి, స్టీరింగును ఒక్కసారే తిప్పి, ఒక్కసారే వెనక్కి వదిలాడు. గస్ ఏమీ అనలేదు. హైవే మీద లారీని దాటాడు, లైను మారాడు, గస్ ఏమీ అనలేదు. వెర్నన్ పక్కకు చూడలేదు. నడిపేవాడు పక్కకు చూడకూడదని నేర్పిందే గస్. చూపు దూరంగా పెట్టి, కుడివైపు చెవి మాత్రం అప్పగించి నడిపాడు. మౌనం సాగేకొద్దీ ఒళ్ళు పులకరించింది. సాగినా దగ్గర తిరగాల్సిన చోట తిరగలేదు. నది వెంట ఉన్న పాత రోడ్డు పట్టాడు. అన్నీ వంపులే. ఒక్కొక్కటీ ప్రాణం పెట్టి నడిపాడు, టేపు ముక్క పక్కకు వాలి ప్రతిసారీ సరిగ్గా పైకి వచ్చింది. ఒక్క మాట లేదు. మంచి కారే కొన్నాను అనుకున్నాడు. ఆ ఎర్రది పోతే పోయింది. అలా చాలా దూరం వెళ్ళి వెనక్కి తిరిగాడు.

గస్ ఇంటి ముందు ఆపాడు. ఎండ వాలింది. "దిగు గురూ. ఇది ఎత్తు సీటే, నేను లేపక్కర్లేదు" అన్నాడు నవ్వుతూ. అప్పుడు చూశాడు. గడ్డం రొమ్ము మీదికి వాలి ఉంది. బెల్టే మనిషిని పట్టి ఉంచింది. చెయ్యి పట్టుకుంటే చల్లగా తగిలింది.

అంబులెన్సు వచ్చింది. అందులోని మనిషి చూడాల్సింది చూసి, తొందరపడటం మానేసి, ఎంతసేపయిందని మెల్లగా అడిగాడు.

"తెలియదు" అన్నాడు వెర్నన్. "బాగా నడుపుతున్నాననుకున్నాను."

ఆ మనిషికి అర్థం కాలేదు. గస్‌ను తీసుకుపోయారు. వెర్నన్ మళ్ళీ వచ్చి స్టీరింగు ముందు కూర్చున్నాడు. ఎక్కడికి వెళ్ళాలో తోచలేదు. లారీని దాటినప్పుడు ఉన్నాడా? నది రోడ్డు దాకా ఉన్నాడా? ఏ వంపులో మెచ్చుకున్నాడో, ఏ వంపు నుంచి అక్కడ ఎవరూ లేరో చెప్పేవాళ్ళు ఇక లేరు. ఖాళీ సీటు పక్కన, ఎవరు చూస్తే ఏమిటని, గట్టిగానే ఏడ్చాడు.

స్టీరింగు నడినెత్తిన నీలం టేపు ముక్క, ఒక అంచు సరిగా అంటక, కాస్త వంకరగా ఉంది.