తాళంతో ఆపని బండి

మేనమామ ఇంటి నుంచి తారురోడ్డు దాకా దారంతా ఎర్రబురద. ఆ బురదలో ల్వాండిలే బండికి ట్రాక్షన్ కంట్రోల్ తీసేశాడు. వెనక చక్రం జారగానే ఇంజిన్ జోరు తగ్గించేసే ఏర్పాటు అది. బురదలో అదుంటే బండి ముందుకు కదలదు, నిజమే. తారెక్కాకైనా మళ్లీ పెట్టుకోవాలి కదా! పెట్టుకోడు. అది తీసేసి ఉందని చెప్పే పసుపు లైటు మీటరు మీద వెలుగుతూనే ఉంటుంది.

వాన జోరందుకుంటే, రెయిన్ కోట్లు వేసుకోవడానికి అన్నాచెల్లెళ్లు బస్ షెల్టర్ దగ్గర ఆగారు. హ్యాండిల్ మీది ఎర్ర బటన్ నొక్కి ఇంజిన్ ఆపాడు ల్వాండిలే. తాళం తిప్పలేదు. తాళంతో ఆపితే, మళ్లీ స్టార్ట్ చేసేసరికి ట్రాక్షన్ కంట్రోల్ తనంతట తానే వచ్చేస్తుంది. బురద వచ్చిన ప్రతిసారీ దాన్ని తీస్తూ కూర్చోవడం ఆ కొండదారుల్లో తిరిగే మగవాళ్లకు నామోషీ.

"తాళం తిప్పి ఆపన్నా. పసుపు లైటు వెలుగుతూనే ఉంది," అంది చెల్లెలు నొజూకో.

"ముందింకా బురదుందే."

"ఎక్కడుంది? ఉమ్తాటా టౌను దాకా తారేగా! పోనీ, జోరు తగ్గించే రెయిన్ మోడైనా పెట్టు."

"రెయిన్ మోడా? అది చర్చికెళ్లే ముసలమ్మలకే. నీ పెళ్లికి కొనిపెడతాలే, రెయిన్ మోడ్ తప్ప ఇంకేమీ లేని బండి."

నొజూకో నవ్వబోయింది. అంతలో షెల్టర్ వెనక నుంచి దుప్పటి కప్పుకున్నవాడొకడు వచ్చాడు. దుప్పటి అంచులోంచి పిస్తోలు కనిపించింది.

"పక్కకి జరుగన్నా. బండి నాది."

"నీ అబ్బ సొమ్మేంట్రా?" అంటూ ల్వాండిలే రెండు చేతులతో హ్యాండిల్ పట్టుకున్నాడు. అదీ ఆ మొండివాడి తెలివి. దుప్పటివాడు మారుమాట లేకుండా కాల్చాడు. తొడలో గుండు దిగి ల్వాండిలే కూలబడ్డాడు. నెత్తురు వాననీటిలో కలిసి రోడ్డు మీదకు పారింది.

నొజూకో అన్న బెల్టు లాగి తొడకు బిగించింది. నెత్తురు తగ్గింది కానీ ఆగలేదు. ఆ లోయలో ఫోను పనిచేయదు. ఆ వానలో మరో బండి వచ్చే ఆశ లేదు. ఈ బండి పోతే అన్న కూడా పోతాడు.

దుప్పటివాడు బండెక్కి ఇంజిన్ లేపాడు. పసుపు లైటు ఆమెకు స్పష్టంగా కనిపించింది. మెల్లగా పోనిమ్మని ఒక్క మాట అంటే చాలు. ఆమె అనలేదు. యాక్సిలరేటర్ తిప్పరా, పూర్తిగా తిప్పు, అని మనసులోనే అరిచింది.

వాడు తిప్పాడు. వెనక చక్రం ఉన్నచోటే గిర్రున తిరిగి బండి అడ్డం తిరిగింది. భయపడి వాడు యాక్సిలరేటర్ వదిలేశాడు. టైరుకు ఒక్కసారిగా పట్టు దొరికి, బండి పొగరుబోతు ఎద్దులా వాణ్ని పైకి విసిరేసింది. వాడు రోడ్డంచు రాళ్ల మీద పడ్డాడు. ఎముక విరిగిన చప్పుడు షెల్టర్ దాకా వినబడింది.

పిస్తోలు వాడి చేతికి కొంచెం దూరంలో పడింది. కాలు ఈడ్చుకుంటూ వాడు దానికోసం పాకాడు. నొజూకో హెల్మెట్‌తో పరుగెత్తి వాడి చేతిమీద కొట్టింది. వేళ్లు నలిగాయి. మళ్లీ కొట్టింది. పిస్తోలును రోడ్డు పక్క కాలువలోకి తన్నేశాక ఇంకోసారి కొట్టింది. ఆ దెబ్బ అవసరం లేదు. అయినా కొట్టింది, కసి తీరా కొట్టింది.

పడిన బండికి వీపు ఆనించి, కాళ్లు తన్నిపెట్టి లేపింది. తాళంతో ఆపి మళ్లీ తిప్పింది. ఇంజిన్ లేచాక పసుపు లైటు ఆరిపోయింది. బొటనవేలితో రెయిన్ మోడ్ పెట్టింది. అన్నను వెనక ఎక్కించుకుని, రెయిన్ కోటు చేతులతో ఇద్దరి నడుములూ కలిపి కట్టింది.

"అక్కా! ఏ లారీ అయినా వస్తే తొక్కేస్తుంది... నన్నిక్కడ వదిలేయకక్కా!" అని వాడు ఏడ్చాడు.

"అక్కా అనకు, పళ్లు రాలగొడతా. లారీలొస్తే హారన్ కొడతాయిలే," అంది ఆమె.

దారంతా ఆమె మణికట్టు యాక్సిలరేటర్‌ను చివరిదాకా తిప్పుతూనే ఉంది. కోపంతో తిప్పింది, భయంతో తిప్పింది. తడిసిన మలుపుల్లో చక్రం జారబోయిన ప్రతిసారీ బండి తనే జోరు తగ్గించుకుంది. రోడ్డు ఓర్చుకునేంత జోరే ఇచ్చింది. ఆమె బండిని తిట్టింది, అన్నను తిట్టింది, వెక్కివెక్కి ఏడ్చింది.

"తొందరగా పోవే... ముసలమ్మా," అని చెవి దగ్గర గొణిగాడు ల్వాండిలే. ఆ తర్వాత పలకలేదు. అతని తల ఆమె భుజం మీద అటూ ఇటూ ఊగింది.

ఆసుపత్రి వాకిట్లో ఆమె ఎర్ర బటన్ నొక్కి, "ఎవరైనా రండి! మా అన్న చచ్చిపోతున్నాడు!" అని కేకలు పెట్టింది. నర్సులు స్ట్రెచర్‌తో పరుగెత్తుకొచ్చారు. తడికి బిగుసుకున్న కోటు ముడిని ఆమె గోళ్లతో పీకింది. వెనక బరువులో చలనం లేదు.

"బస్ షెల్టర్ దగ్గర ఇంకొకడున్నాడు, కాలు విరిగింది," అంది ఆమె చివరికి. ఆ మాట చెప్పడం ఆమెకు ఇష్టం లేదు.

అప్పుడు ఆమె నడుము పక్కనుంచి నెత్తుటి చెయ్యి ఒకటి ముందుకొచ్చింది. తడుముకుంటూ తాళాన్ని పట్టుకుంది. తిప్పి ఆపింది.