ఐసులో పెట్టిన గొంతు

అంచుకి పచ్చ మార్కర్ రాస్తే సీడీ బాగా వినపడుతుందట! ఈ మాట పుట్టించినవాడెవడో దొరికితే రెండు తగిలించాలి. రెండువేల మూడులో, బందరులోని నా ఆడియో షాపుకి గిలకలదిండి జాలరి రాజారత్నం ఆ మార్కర్ జేబులో పెట్టుకునే వచ్చాడు.

ఆయన ఒరిస్సాలో పారాదీప్ వైపు చేపల వేటకి వెళ్లినప్పుడు భార్య వీరలక్ష్మి ఆయన కోసం ఒక క్యాసెట్లో మాట్లాడి ఉంచింది. ఆయన తిరిగొచ్చేలోపే జ్వరమొచ్చి చనిపోయింది, పాపం. వినడానికి గుండె చాలక, టేపు పాడైపోతుందేమోనని సీడీ చెయ్యమని నాకిచ్చాడు. చేసిచ్చాను, క్యాసెట్ నా దగ్గరే ఉండిపోయింది. ఏడాదికి గాని వినలేకపోయాడు.

"చివర్లో 'మావా, నువ్వు రాగానే' అంటదండీ. ఆ తర్వాత మాట వినపడట్లేదు."

"సీడీలో ఉండేవి అంకెలయ్యా బాబూ! అంచుకి రంగు పూస్తే మారతాయా?" అని కసిరాను.

వింటేగా! అక్కడే కూర్చుని అంచంతా పచ్చగా రాశాడు. పెట్టి విన్నాం. "మావా, నువ్వు రాగానే..." అంతే.

"కాస్త తేటపడిందండీ. చల్లబెడితే ఇంకా బాగుంటదంటగా?"

"వెళ్లి ఐసులో పెట్టుకో, పో!" అన్నాను.

నాకు ఒళ్లెందుకు మండిందో నాకు తెలుసు. ఆ తర్వాత అందులో ఏమీ లేదు. సీడీ చేసిన రోజు సరిగ్గా ఆ మాట దగ్గరే, టేప్‌రికార్డరు కొనడానికి ఎవరో వస్తే, అయిపోయిందిలే అని రికార్డింగు ఆపేశాను. క్యాసెట్ మాత్రం తిరుగుతూనే ఉంది. ఆమె చెబుతూనే ఉంది. నేను బేరమాడుతున్నాను. సాయంత్రం ఆ క్యాసెట్ మీదే ఇంకెవరికో పాటలు ఎక్కించేశాను.

నాలుగో రోజు రాజారత్నం థర్మాకోల్ పెట్టెతో వచ్చాడు. వంజరం చేపని సర్దినట్టే సర్దాడు: కింద ఐసు, చల్లదనం నిలవాలని ఉప్పు, మధ్యలో సీడీ, పైన మళ్లీ ఐసు. వెండిపూత పొలుసులు పొలుసులుగా లేచిపోయింది. ప్లేయర్ రెండుసార్లు తిప్పి ఊరుకుంది.

"మీరు చెప్పినట్టే పెట్టానండీ," అన్నాడు. కళ్లల్లో నీళ్లు. "పోనీ, క్యాసెట్టుందిగా మీ దగ్గర?"

"ఉందిలే. వెతుకుతాను," అన్నాను.

ఇప్పటికీ వారం వారం వచ్చి అడుగుతాడు. నిజం చెప్పే దమ్ము నాకు లేదు. పొద్దున్నే షట్టరెత్తగానే, ఏ మెషీనూ వెయ్యకముందే, "మావా, నువ్వు రాగానే" అని వినపడుతుంది. తర్వాత మాట కోసం ఊపిరి బిగబట్టి నిలబడతాను.

అక్కడికొచ్చేసరికి నా గొంతే వినపడుతుంది, బేరమాడుతూ.