సాల్మన్ రాజు గంట

మా దివిసీమ పల్లెలో ఎవరైనా చనిపోతే చర్చి గంట కొడతారు. వయసులో ఏడాదికో దెబ్బ. పొలంలో ఉన్నవాళ్లు కూడా వేళ్లు మడిచి లెక్కపెట్టుకుని, పోయిందెవరో చెప్పేస్తారు. నలభై ఏళ్లకు పైగా ఆ తాడు లాగింది మా ఆయన, సాల్మన్ రాజు. డెబ్బై ఏడు ఉప్పెనలో పోయినవాళ్లకి కొట్టీ కొట్టీ తన చేతులు బొబ్బలెక్కితే, గుడ్డ చుట్టుకుని మరీ కొట్టాడు. ఒక్కరినీ వదల్లేదు. అలాంటి మనిషి, కరోనా రెండోసారి వచ్చినప్పుడు బందరు ఆసుపత్రిలో పోతే, ఆయనకి ఒక్క దెబ్బ కూడా పడలేదు. అరవై ఎనిమిదేళ్ల మనిషి!

ఒళ్లు మండదూ నాకు? ఐదేళ్లుగా మండుతూనే ఉంది.

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక మా కొత్త పాస్టరు ఏసుబాబు గారు ఉన్నట్టుండి, కరోనా రోజుల గురించి పెద్దల్లో ఒకరు, నడివయసువాళ్లలో ఒకరు, పిల్లల్లో ఒకరు సాక్ష్యం చెప్పాలన్నారు. సరే, ఇవాళ మా ఆయనకి గంట కొట్టించాకే ఇంటికెళ్తాను అనుకుని ముందు బెంచీలోకి మారి కూర్చున్నాను.

మొదట లేచింది సంఘపెద్ద సుందరరాజు గారు. ఆ రోజు గంట వద్దన్నది ఆయనే. పధ్నాలుగు రోజులు పశువుల పాకలో పడుకున్న సంగతి చెప్పి, దేవుడు మన ఊరిని కాపాడాడు, స్తోత్రం అని కూర్చున్నారు. స్తోత్రమట! మా ఆయన ఈ ఊరివాడు కాదు కాబోలు.

తర్వాత మా అబ్బాయి రాకేష్ లేచాడు. వాడు ఆసుపత్రి గేటు బయట రెండు రోజులు ఆటోలోనే ఉన్నాడు.

"నాన్న మొహం ఫోన్లో చూపించారండీ. చుట్టిన సంచి జిప్పు ఇంతవరకే తీశారు" అని గడ్డం దగ్గర చెయ్యి పెట్టి చూపించి కూర్చుండిపోయాడు.

నేను ఆగలేకపోయాను.

"సుందరరాజు గారూ, మా ఆయనకి గంట ఎప్పుడు కొట్టిస్తారు?"

"సువర్ణమ్మా, ఆ రోజు గంట కొడితే ఊరంతా మీ గుమ్మంలో వాలిపోదూ? మీ ఇంట్లో అందరికీ జ్వరాలు. ఇంకో నలుగురు పోయేవాళ్లు. అందుకే వద్దన్నాను."

"మరి ఇప్పుడో?"

"ఇప్పుడు చావుగంట కొడితే ఎవరో పోయారని జనం పరిగెత్తుకొస్తారమ్మా. ఐదేళ్లయింది. వదిలెయ్యి."

"రానివ్వండి. అప్పుడు రాలేనివాళ్లు ఇప్పుడొస్తారు. మీరు వదిలేసుకోండి, నేను వదలను."

ఈలోగా రాకేష్ కూతురు జెస్సీ మైకు అందుకుంది. ఇప్పుడు గుడివాడలో ఇంటర్ చదువుతోంది. అప్పటికి పదకొండేళ్లది.

"తాతకి గంట నేను కొట్టాను" అంది.

అందరూ దాని వైపు తిరిగారు.

"నాన్న ఫోన్ చేశాక స్టీలు పళ్లెం, గరిటె తీసుకుని గదిలో తలుపేసుకున్నాను. ఏడాదికో దెబ్బ కొట్టాను. పూర్తి కాలేదు. నలభై ఒకటి దగ్గర ఆపేశాను."

"ఎందుకాపేశావమ్మా?" అన్నారు పాస్టరు గారు.

జెస్సీ నా వైపు చూసి తల దించుకుంది. "నాయనమ్మ అరిచింది."

నిజమే. జ్వరంతో మంచం మీద పడి ఏడుస్తుంటే పక్కగదిలోంచి ఆ చప్పుడు. అంతకుముందు ఏడాది ఊరంతా కరోనా పోవాలని పళ్లేలు వాయించింది చూడండి, ఆ ఆటే అనుకున్నాను. "తాత పోతే పళ్లెం వాయిస్తావటే, సిగ్గులేని దానా!" అని గోడ ఇవతల నుంచే నోటికొచ్చినట్టు తిట్టాను. చప్పుడు ఆగిపోయింది. ఐదేళ్లు ఊళ్లోవాళ్లందర్నీ ఆడిపోసుకున్నాను. ఉన్న ఒక్క గంటనీ ఆపింది నేను. ఈ పిచ్చిపిల్ల ఒక్కమాట అనలేదు!

సిగ్గేసింది. ఏడుపొచ్చింది. దాన్ని దగ్గరికి తీసుకుని, "తప్పయిపోయిందే అమ్మడూ" అన్నాను, అందరి ముందూ.

ఇక నేను చల్లబడ్డాననుకున్నారో ఏమో సుందరరాజు గారు, "పాప కొట్టిందిగా సువర్ణమ్మా, ఇంక..." అన్నారు.

"సగంలో ఆగిపోయింది కదండీ! ఆపింది నేను, పూర్తిచేసేదీ నేనే. లేవండి అడ్డం."

జెస్సీ చెయ్యి పట్టుకుని బయట గంట దగ్గరికి నడిచాను. సుందరరాజు గారు వెనకే వచ్చి తాడు పట్టుకున్నారు.

"జనం హడలిపోతారమ్మా."

"హడలనివ్వండి. పోయింది సాల్మన్ రాజు. ఇప్పుడైనా తెలియనివ్వండి."

ఆయన చెయ్యి తియ్యలేదు. నేను రెండు చేతులూ ఆ చేతి మీద వేసి, దాంతో సహా లాగాను. గంట ఖంగుమంది.

రోడ్డు మీద గడ్డిమోపుతో వెళ్తున్న మాణిక్యం ఠక్కున ఆగి, అలవాటుగా చిటికెన వేలు మడిచింది.

"ఒకటి కాదే మాణిక్యం, నలభై రెండు!" అని అరిచి, మళ్లీ తాడు లాగాను.