ఎనిమిదో బోల్టు

మా ఆయన మోటార్ సైకిల్ ఇంజిన్ పక్కమూతకి ఎనిమిది బోల్టులు. ఏడు శుక్రవారం సాయంత్రమే ఊడివచ్చాయి. ఎనిమిదోది అన్నిటికన్నా కింద, బురద చేరే మూలన ఉంది. శనివారం పొద్దున పదింటికి కూడా అది మొండికేసి అక్కడే కూర్చుంది. ఆ మూత తీస్తే గాని లోపలి ప్యాకింగ్ మార్చడం కుదరదు. ప్యాకింగ్ మార్చకపోతే మెట్ల కింద నేను రోజూ తుడిచే ఆయిలు మరక ఆగదు. కాబట్టి ఆ బోల్టు వ్యవహారంలో నాకూ కొంత వాటా ఉంది.

మా ఆయన తుప్పు వదిలించే స్ప్రే కొట్టారు. పానా పెట్టి వేలాడారు. కాలితో తన్నారు కూడా, బండిని కాదు, గోడని. పానా రెండుసార్లు జారి బోల్టు తలకాయ మూలలు కాస్త అరిగాయి. ఆ తరువాత సరిగ్గా నేను ఊహించిన మాటే అన్నారు.

"ఇది మనవల్ల అయ్యేది కాదు. మరదల్ని పిలుద్దాం."

మరదలంటే నా చెల్లెలు. బట్టల మిల్లులో యంత్రాలు బాగుచేస్తుంది. మా నాన్నకి బళ్ళు రిపేరు చేసే షెడ్డు ఉండేది. బడి నుంచి రాగానే దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని పనంతా చూపించేవాడు. నేను గుమ్మం దాకా వెళితే, "నీకెందుకమ్మా పంతులమ్మా, చేతులు పాడవుతాయి, పోయి చదువుకో" అనేవాడు. చదువుకున్నాను. హాస్టల్లో ఉండి మరీ డిగ్రీ ఫస్ట్ క్లాసులో పాసయ్యాను. ఆ పట్టా బీరువాలో చీరల కింద ఉంది. నాన్న పానాల పెట్టె చెల్లెలింట్లో ఉంది. ఆయన పోయి ఆరేళ్ళయింది. పెట్టె ఎవరికన్న ప్రశ్న కూడా అప్పుడు ఎవరికీ రాలేదు. "నాన్న చెయ్యి దీనికొచ్చింది" అని చుట్టాలందరూ మురిసిపోతారు. నాకు నాన్న ముక్కు వచ్చింది. దాని గురించి ఎవరూ మురవరు.

"దానికి ఆదివారం ఒక్కరోజే సెలవు. పాపం పడుకోనివ్వండి," అన్నాను.

"దాని మీద నీకింత జాలి ఎప్పట్నుంచి?"

"అది పుట్టినప్పట్నుంచి."

ఆయన అప్పటికే ఫోను అందుకున్నారు. "మరదలా, నువ్వొచ్చి చెయ్యి పెడితే గాని ఈ బండికి మోక్షం లేదు!" ఆ గొంతులో ఎంత తియ్యదనమో. నాతో మాట్లాడేటప్పుడు ఆ గొంతు ఎక్కడ దాస్తారో తెలియదు.

మధ్యాహ్నం ఆయన కొత్త ప్యాకింగ్ కొనడానికి బజారుకి వెళ్ళారు. నేను మెట్ల కింద బండి ముందు పీట వేసుకున్నాను. చెల్లెలు రాకముందే ఆ బోల్టు నా చేత్తో ఊడాలి. అంతకుమించి ఆ రోజు నాకు దేవుణ్ణి అడగవలసిందేమీ లేదు.

బిగుసుకున్న మూతల సంగతి నాకు కొత్త కాదు. ఈ ఇంట్లో ఏ సీసా మూత రాకపోయినా నా ముందుకే వస్తుంది. దాన్ని ఎవరూ విద్య అనరు, అది వేరే మాట. రేకు మూతని వేడినీళ్ళలో పెడతాను, చెంచాతో చుట్టూ తడతాను, ముందు బిగించే వైపు కాస్త తిప్పి, అప్పుడు విప్పుతాను. ఇక్కడ వేడి తగలాల్సింది బోల్టుకి కాదు, దాని చుట్టూ ఉన్న అల్యూమినియానికి. వేడికి అది ఇనుముకన్నా ఎక్కువ సాగుతుంది. డిగ్రీ రెండో ఏడు పాఠం. ఇన్నేళ్ళకి ఒక్క పనికొచ్చింది.

మరిగే నీళ్ళలో పాత తువ్వాలు ముంచి, పట్టకారుతో తీసి, బోల్టు చుట్టూ కప్పాను. బోల్టు నెత్తి మీద సుత్తితో నిటారుగా నాలుగు తట్టాను. ఇలా మూడు విడతలు. అరిగిన తలకాయ మీదికి రింగు పానా కొట్టి ఎక్కించాను. బిగించే వైపు వెంట్రుకవాసి. తరువాత వెనక్కి.

టక్కుమంది.

అరచేతిలో బోల్టు పెట్టుకుని చుట్టూ చూశాను. ఎదురింటి మేడ మీద బట్టలారేస్తున్నావిడ అటు తిరిగి ఉంది. చూడ్డానికి కనీసం ఒక పిల్లి కూడా లేదు. ఇరవయ్యేళ్ళ కాపురంలో నేను చేసిన ఘనకార్యానికి సాక్షి లేడు.

అందుకని బోల్టు మళ్ళీ పెట్టి, ఒంట్లో ఉన్న బలమంతా ఉపయోగించి బిగించేశాను. రేపు చెల్లెలు చెమటలు కక్కాలి, చేతులెత్తెయ్యాలి. అప్పుడు నేను తువ్వాలుతో రావాలి.

ఆదివారం పొద్దున్నే చెల్లెలు నాన్న పెట్టె మోసుకుని దిగింది. మా ఆయన ఎదురెళ్ళి పెట్టె అందుకున్నారు, టేబుల్ ఫ్యాన్ తెచ్చి పెట్టారు, మంచినీళ్ళు ఆయనే స్వయంగా తెచ్చారు. ఈ ఇంట్లో గ్లాసులు ఎక్కడుంటాయో ఆయనకి తెలుసని నాకు ఆ రోజే తెలిసింది.

"ఏంటి బావా, బోల్టుతో కుస్తీ పట్టావట? ఎవరు గెలిచారు?"

"ప్రస్తుతానికి అదే, మరదలా."

చెల్లెలు పానా పెట్టి కొద్దిగా నొక్కింది. బోల్టు కదిలింది. నేను చూశాను, అదీ చూసింది. చెయ్యి ఆపింది. మూత మీద ఆరిన నీటి చారలు చూసింది, నా అరచేతిలో లేచిన బొబ్బ చూసింది. తరువాత పానా మీద వాలిపోయి, "అమ్మా!" అని మూలిగింది. నుదుటి మీద చెమట చుక్క లేదు.

"నావల్ల కావట్లేదు బావా. అక్కని ఓసారి చూడనీ."

చిన్నప్పుడు చదరంగంలో కూడా ఇలాగే కావాలని ఓడిపోయేది. నాన్నంతా దాని వైపు ఉన్నాడు కాబట్టి ఒక ఆట నాకు పారేసినా దానికి నష్టం లేదు. అందుకే నాకు మండింది.

"వేషాలెయ్యకు. దాన్ని నిన్ననే విప్పేశాను."

మా ఆయన నన్ను చూశారు, బోల్టుని చూశారు. "విప్పినదాన్ని మళ్ళీ ఎందుకు బిగించావు?"

"చూసేవాళ్ళు లేక."

చెల్లెలు హ్యాండిల్ పట్టుకుని వంగి వంగి నవ్వింది. "దేంతో తీశావే తల్లీ?"

చెప్పాను. తువ్వాలు, సుత్తి, బిగించే వైపు వెంట్రుకవాసి. వింటూ వింటూ దాని నవ్వు ఆగిపోయింది.

"ముందు బిగించడం నాన్న కిటుకు కదా. నాకు తప్ప ఎవరికీ చూపించలేదు. నీకెప్పుడు చెప్పాడు?"

సీసాల సంగతీ పాఠం సంగతీ నాలుక చివరి దాకా వచ్చాయి. కానీ దాని ముఖం చూశాను. ఆ ముఖం నాకు బాగా పరిచయం. ముప్పయ్యేళ్ళుగా నేను పెట్టుకు తిరుగుతున్నదే.

"నువ్వు టైఫాయిడ్‌తో పడుకున్నప్పుడు," అన్నాను. "ఆ వారం షెడ్డులో నాన్న పక్కన నేనే కూర్చున్నా."

"నాతో ఎప్పుడూ అనలేదే!"

"నువ్వు చిన్నబుచ్చుకుంటావని."

అది మళ్ళీ పానా అందుకుంది. బోల్టు తీసింది, మూత ఊడదీసింది, పాత ప్యాకింగ్ గీకింది, కొత్తది వేసి ఎనిమిదీ బిగించింది. మా ఆయన రెండు జోకులు వేసినా నవ్వలేదు. నాకు ఆకలి బాగా వేసింది, అన్నం మారు వడ్డించుకున్నాను.

సాయంత్రం ఫోను చేసింది.

"అక్కా, నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు నువ్వు హాస్టల్లో ఉన్నావు."

అబద్ధాలాడటంలో నాకు పట్టా లేదు.

"పైగా అసలు షెడ్డే తియ్యలేదు. నాన్న వారం రోజులు మూసేసి నా మంచం పక్కనే కూర్చున్నాడు."

దొరికిపోయినందుకు సిగ్గుపడాలని నాకు తెలుసు. తప్పయిందే అనాలని కూడా తెలుసు. నాకు హాస్టల్లో జ్వరమొస్తే నాన్న ఎవరి చేతో మాత్రల పొట్లం పంపించేవాడు.

"వారం మొత్తం మూశాడా?" అన్నాను.

"ఆఁ."

"ఏడు రోజులూనా?"