దేవుడి గూట్లో జూదపు బిళ్ల

లోకనాథం సముద్రంలో పోలేదట, ఏదో దీవిలో ఇంకో కాపురం పెట్టి హాయిగా ఉన్నాడట. ఈ మాట పక్కింటి దమయంతి తన ఆడపడుచుతో అన్నదట. ఆడపడుచు బోరింగు దగ్గర ఇంకెవరితోనో అన్నది. మధ్యాహ్నానికి అది మా వంటింటి కిటికీలోంచి దూరి దేవుడి గూటిదాకా వచ్చింది. దీపంలో నూనె పోస్తున్న బృందావతి చెయ్యి ఆగిపోయింది. లోకనాథం ఆమె మొగుడు.

నేను ఒక జూదపు బిళ్లను. ఉద్దానం తీరాన ఒక ఇంట్లో లక్ష్మీదేవి పటం ముందు కూర్చుని మూడేళ్లు పసుపు కుంకాలు అందుకున్నదాన్ని. నవ్వితే నవ్వండి.

పుట్టింది ఎక్కడో పరాయిదేశపు కార్ఖానాలో. మట్టి, సుద్ద, ఏవేవో పొడులు కలిపి, కాలే అచ్చులో అదిమి, ముఖాన ఓడ పేరును బంగారు రేకుతో అద్దారు. షికారు ఓడలో క్యాసినో బల్ల మీద నా కొలువు. ఎన్ని అరచేతుల చెమట తాగానో లెక్కలేదు. అంతమందిలో నా ముఖాన ఏం రాసుందో చదివినవాడు ఒక్కడు లేడు. ఎర్రదా, నల్లదా అన్నదే వాళ్లకు కావాలి. నా ముఖం నాకెలాగూ కనపడదు. అందుకే ఇప్పుడు మీరు నిలదీసి అడిగినా మా ఓడ పేరు నేను చెప్పలేను.

ఆ ఓడలో గదులు సర్దేవాడు లోకనాథం. ఒక ముసలి దొర దిగిపోతూ, జేబులో మిగిలిపోయిన నన్ను అతని చేతిలో పెట్టాడు. సెలవుకి ఇంటికొచ్చినప్పుడు అతను నన్ను పెళ్లానికిచ్చాడు.

“మా ఓడ పేరే, సూడు. బంగారం అచ్చరాలు.”

“నాకేటి తెలుస్తాది ఆ ఇంగిలీసు? బంగారమైతే దేముడి కాడుంటాది,” అని ఆమె నన్ను గూట్లో పెట్టింది.

అతను మళ్లీ అదే ఓడెక్కాడు. ఏడాది పాటు ఫోన్లు వచ్చాయి. ఆపైన రాలేదు. పంపిన ఏజెంటు కొట్టు మూసి ఎటో పోయాడు. కాగితాలన్నీ లోకనాథం సంచిలోనే వెళ్లిపోయాయి. కిందటి నెల బృందావతి విశాఖ వెళ్లి నావికుల సంఘంలో అడిగితే, “ఓడ పేరు చెప్పమ్మా, ఆరా తీస్తాం. పేరు లేకపోతే ఏ సముద్రంలో వెతికేది?” అన్నారు.

“పేరు మా ఇంట్లోనే ఉంది,” అందామె, గొప్పగా.

తీరా ఇంటికొచ్చి చూస్తే నా ముఖమంతా పసుపు మరక, దీపం మసి. ఇలాంటి బిళ్లలు పోగుచేసేవాళ్లకు వాటిని శుభ్రం చేసిచ్చే కూర్మారావు విశాఖ పాతబస్తీలో ఉన్నాడని, ఫోన్లో అడిగితే సంఘంవాళ్లే చెప్పారు. వెళ్దామా వద్దా అని నెల్లాళ్లు నాన్చింది. దమయంతి మాట చెవిన పడ్డాక ఇక ఆగలేదు. నన్ను కొంగున ముడేసుకుని నేరుగా పక్కింటి గుమ్మంలోకే వెళ్లింది.

“నువ్వూ రాయే దమయంతీ. ఆ పేరేటో నీ సెవుల్తోనే విందువు గాని.”

దమయంతికి మాత్రం అంతకన్నా ఏం కావాలి? చీర మార్చుకుని బస్సెక్కేసింది.

కూర్మారావు ఒకప్పుడు గడియారాలు బాగుచేసేవాడు. కంటికి భూతద్దం బిగించి నన్ను అటూ ఇటూ తిప్పాడు. గోరువెచ్చని నీళ్లలో ఒక్క చుక్క సబ్బు, పసిపిల్లల పళ్ల బ్రష్షు. “ఇది మట్టి బిళ్లమ్మా. నానబెడితే పాడవుతుంది, గట్టిగా రుద్దితే అరిగిపోతుంది,” అంటూ పసిబిడ్డ చిగుళ్లు తుడిచినట్టు తుడిచాడు. గిన్నెలో నీళ్లు పసుపెక్కాయి. ఆరబెట్టి, కుట్టుమిషను నూనె ఒక చుక్క గుడ్డకి రాసి అద్దాడు. నా ఎరుపు నాకు తిరిగొచ్చింది.

“కొత్త పెళ్లికూతుర్లాగుంది గదే!” అంది దమయంతి.

కూర్మారావు నన్ను దీపానికి ఏటవాలుగా పెట్టి చాలాసేపు చూశాడు. 

“పేరేటి బాబూ?” అంది బృందావతి.

“ఏమీ లేదమ్మా. ఇక్కడో గీత, అక్కడో గీత. అంతే.”

“నేదంటే? మా ఆయన సూపించినాడు, నా కళ్లతో సూసినాను! మీరే రుద్దీసినారు!”

“అవును మరి, నేనూ సూసినాను,” అని దమయంతి గొంతు కలిపింది. ఆ పూట వాళ్లిద్దరూ ఒక జట్టు.

అతను కోప్పడలేదు. భూతద్దం బృందావతి చేతికిచ్చాడు. “ఈ సన్న గీతలు చూడండి, చుట్లు చుట్లుగా. నా బ్రష్షుకి ఇలాంటివి పడవు. దీన్ని దేంతో తోముతారు?”

“కుందులతో పాటే... సింతపండేసి, కొబ్బరి పీచుతో. తోమినాక మల్లీ పసుపెడతాను.” ఆమె గొంతు చిన్నదైంది. “దేముడి సామాను మరి. ఒక్క సుక్కురారం తప్పనేదు బాబూ. ఆయన సల్లగా ఉండాలని.”

కూర్మారావు నన్ను ఆమె అరచేతిలో పెట్టాడు.

“అయితే ఆ పేరు తీసింది నేను కాదు తల్లీ. వారానికింత చొప్పున మీరే తోమేశారు.”