కాబోయే కార్పొరేటర్ వేదవతి

చెప్పుల్ని చూసి జనాన్ని అంచనా వేయడం విద్యాసాగర్‌కు పాత అలవాటు.

ఆ శనివారం సాయంత్రం అశోక్‌నగర్ కమ్యూనిటీ హాలు ముందు ఆగి చూశాడు. చెప్పులు మెట్లు దాటి, గేటు దాటి, గల్లీలో నిలబెట్టిన స్కూటర్ల కింది దాకా పరుచుకుని ఉన్నాయి. పట్టీ తెగితే పిన్నీసు గుచ్చిన రబ్బరు చెప్పుల పక్కనే బ్యాంకు ఉద్యోగినుల సాండిల్స్. లోపల కోలాటం కర్రలు ఒకే దెబ్బగా మోగుతున్నాయి.

తన నాటకం ఉన్న రోజు చెప్పులన్నీ ఒక్క మెట్టు మీద సరిపోతాయి. అందులో సగం నటులవే.

"ఏం సార్, లోపటికి రారా?" గేటు దగ్గర మాసమ్మ పలకరించింది. పాలమూరు నుంచి వచ్చి వెనక బస్తీలో ఉంటూ సెంట్రింగ్ పనికి వెళ్ళే మనిషి. "వేదవతక్క కొత్త పాట కట్టింది. జర సూసిపోరి."

"పనుంది" అన్నాడు విద్యాసాగర్. కానీ వెళ్ళలేదు. కిటికీ పక్కన నీడలో నిలబడ్డాడు.

స్టేజి మీద వేదవతి మైకు పట్టుకుని పాడుతోంది. పల్లవి చివర ఒక్క క్షణం ఆగింది. హాలంతా ఊపిరి బిగబట్టింది. ఆ ఆగడం విద్యాసాగర్ నేర్పిందే. ఎన్నో ఏళ్ళు ఆమె తన నాటక సమితిలో నాయిక. మైకుకు ఎంత దూరంలో నిలబడాలో, చూపు ఏ వరస మీద ఉంచాలో, ఎక్కడ మాట ఆపితే జనం ముందుకు వంగుతారో, అన్నీ ఆయన చెప్పాడు. కరోనా తర్వాత ఆమె సమితి వదిలి, బస్తీ ఆడవాళ్ళనూ అపార్ట్‌మెంట్ల ఆడవాళ్ళనూ కలిపి కోలాటం బృందం పెట్టింది. నేర్పిన విద్య పోయినా ఆయన అంత బాధపడేవాడు కాదు. జనం కూడా దాని వెంటే పోయారు.

పాట అయ్యాక కార్పొరేటర్ ఎల్లేష్ స్టేజి ఎక్కాడు.

"వేదవతక్కా, మీకు శనివారం ఒక్కటే సాల్తలేదని నాకు ఎరికే. వచ్చే నెల సంది ఆదివారం గూడ ఈ హాలు మీదే!"

ఈలలు, చప్పట్లు. కిటికీ బయట విద్యాసాగర్ చేయి ఊచను గట్టిగా పట్టుకుంది. ఆదివారం సాయంత్రం ఆయన సమితిది. ఆయన జుట్టు నల్లగా ఉన్నప్పటి నుంచీ. పెద్ద ఆడిటోరియాల కిరాయి ఆయన కట్టలేడు. ఈ హాలు పోతే సమితికి తల దాచుకునే చోటు లేదు.

తెల్లవారగానే విద్యాసాగర్ ఎల్లేష్ ఆఫీసుకు వెళ్ళాడు.

"కూసోండ్రి సార్. చాయ్ తాగుతరా?"

"ఆదివారం మాది ఎల్లేష్. నువ్వు కార్పొరేటర్ కాకముందు నుంచి."

"నేను కాదన్ననా? మీ నాటకం నేను సూసిన. స్టేజి మీదోళ్ళు ఎక్కువ, కిందోళ్ళు తక్కువ. కొట్లాటైతే మీరే గెలుస్తరు." పక్కనున్న వాళ్ళు నవ్వారు. "అక్క పోగ్రాం పెడితే అన్ని బస్తీల ఆడోళ్ళు వస్తరు. ఎలక్షన్లు నెత్తి మీదున్నయ్. నన్నేం జెయ్యమంటరు?"

"కళను ఓట్లతోని కొలుస్తవా?"

"నా దగ్గర ఇంకో టేపు లేదు సార్."

విద్యాసాగర్ చాయ్ ముట్టుకోకుండా లేచాడు. వాకిట్లో కురుమయ్య కనబడ్డాడు. నిరుడు బోనాల దాకా ఎల్లేష్‌కు కుడిభుజం. ఆ బోనాలకు ఎల్లేష్ ఫొటో అంత సైజులో తన ఫొటో వేసి, కింద 'కాబోయే కార్పొరేటర్' అని ఫ్లెక్సీ కట్టాడు. వారం తిరక్కుండా పార్టీలో లేడు. ఇప్పుడు ఎల్లేష్ దయ కోసం రోజూ వచ్చి వాకిట్లో నిలబడతాడు. ఎవరూ కూర్చోమనరు.

ఈ వార్డులో ఎల్లేష్‌ను తిట్టినా నవ్వి ఊరుకుంటాడు. ఫ్లెక్సీ మీద ఇంకొకరి మొహం పెద్దదైతే మాత్రం క్షమించడు.

విద్యాసాగర్ రోడ్డు మధ్యలో ఆగిపోయాడు. వెనక సిటీ బస్సు హారన్ మోగించింది. వేదవతి పుట్టినరోజు వచ్చే గురువారం.

నారాయణగూడలో మెట్రో పిల్లర్ పక్కన సంతోష్ ఫ్లెక్సీ షాపు. విద్యాసాగర్ ఫొటో ఇచ్చాడు. పాత నాటకంలోది. రాణి వేషంలో వేదవతి, పక్కన చక్రవర్తి వేషంలో తను.

"మీరు గూడ ఉండాల్నా సార్?"

ఒక్క క్షణం ఆశ పుట్టింది. అణచుకున్నాడు. "వద్దు. నన్ను కత్తిరించు. ఆమెను ఎంత పెద్దగ వీలైతే అంత పెద్దగ వెయ్యి."

"పైన ఎవరెవరి ఫొటోలు పెట్టాలె? ఎల్లేషన్నది?"

"ఎవరిదీ వద్దు."

సంతోష్ మౌస్ మీద నుంచి చేయి తీశాడు. "సార్, అన్న ఫొటో లేకుంట ఈ ఏరియాల పిల్లి తప్పిపోయిన ఫ్లెక్సీ గూడ కట్టరు. పరేషాన్ అయితది."

"రాయి. కాబోయే మన కార్పొరేటర్ వేదవతక్కకు జన్మదిన శుభాకాంక్షలు. ఇట్లు, వార్డు ప్రజలు. నా పేరు యాడ రావద్దు."

గురువారం తెల్లారేసరికి లైబ్రరీ గల్లీలో, అశోక్‌నగర్ చౌరస్తాలో, నారాయణగూడ పిల్లర్ల మధ్య వేదవతి నవ్వుతోంది. విద్యాసాగర్ తన పనితనం చూసుకోవడానికి బయల్దేరాడు. లైబ్రరీ దగ్గర టీ బండి చుట్టూ గ్రూప్స్‌కు చదివే కుర్రాళ్ళు తలలెత్తి చూస్తున్నారు.

"ఎవర్రా ఈ మేడమ్? మస్తుంది."

"రాణి లెక్కున్నది. లీడర్ల ఫొటోలు లేకుంట సింగిల్‌గ వచ్చింది సూడు. దమ్మున్నది."

పూలమ్మే ఆమె బుట్ట దించి, ఫ్లెక్సీ కింద నిలబడి మనవరాలి చేత ఫొటో తీయించుకుంది. ఇన్నేళ్ళలో ఎవరూ తన మొహాన్ని ఈ రోడ్డు మీద కట్టలేదు. కట్టింది తనే, ఆమె మొహాన్ని. డబ్బా పట్టుకుని ఆ కళ్ళ మీద సున్నం పోయాలనిపించింది.

మధ్యాహ్నానికి ఎల్లేష్ మనుషులు ఆ పని ఇంకోలా చేశారు. ఫ్లెక్సీలు చించేశారు. సాయంత్రం కబురు వచ్చింది. వేదవతికి ఆదివారం లేదు, శనివారం కూడా లేదు. హాలు తాళం మారింది, కొత్త తాళంచెవి ఎల్లేష్ ఇంకా ఎవరికీ ఇవ్వలేదు.

విద్యాసాగర్ ఆ రాత్రి రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు.

ఆ తర్వాత ఆయన అంచనాలు తప్పడం మొదలైంది. ముందు మాసమ్మ, వెనక బస్తీ ఆడవాళ్ళు ఎల్లేష్ ఆఫీసు ముందు కూర్చున్నారు. "అక్క ఫొటో ఎందుకు చింపినవ్? పుట్టినరోజు నాడు చింపుతరా ఎవలన్న?" అని ఆమె నిలదీస్తుంటే ఎవరో ఫోన్లో తీశారు. అది ఫోన్ల నుంచి ఫోన్లకు పోయింది. అంతలో వార్డుల రిజర్వేషన్లు వచ్చాయి. ఈ వార్డు మహిళలకు పోయింది. ఎల్లేష్ నిలబడే వీలు లేదు. భార్య స్వర్ణ పేరు ప్రకటించాడు. అవతలి పార్టీ వాళ్ళు ఆడమనిషి కోసం వెతకాల్సిన అవసరమే రాలేదు. ఏ గల్లీలో అడిగినా ఒకటే పేరు. నేరుగా వేదవతి ఇంటికి వెళ్ళి టికెట్ ఇచ్చారు.

పొద్దున పేపర్లో ఆ వార్త చదువుతుండగానే చిక్కడపల్లిలో విద్యాసాగర్ ఇంటి గంట మోగింది. వేదవతి.

"నమస్తే గురువుగారూ" అని వచ్చి ఎదురుగా కూర్చుంది. విద్యాసాగర్ భార్య అరుంధతి టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది.

"ఫ్లెక్సీ మీరే పెట్టించిన్రు గదా?"

"నేనా? నాకేం పని?"

"ఆ ఫొటో మీ అల్మారల తప్ప ఇంకెక్కడ లేదు. నా భుజం మీద మీ చక్రవర్తి శాలువ అంచు గూడ మిగిలింది." ఆమె నవ్వింది. "ఎందుకు పెట్టిన్రో అడగను. ఎల్లేష్ చేత నన్ను తొక్కిద్దామని. మీరనుకున్నట్టే హాలు పోయింది. కానీ నిజంగ చెప్తున్న, నాకు ఎలక్షన్ ఆలోచనే లేకుండె. మీరు పుట్టించిన్రు."

అరుంధతి టీ కప్పులతో గుమ్మంలోనే ఆగిపోయింది.

"శుక్రవారం నా మొదటి మీటింగ్" అంది వేదవతి. "మైకు ముందు నిలబడుడు నాకు నేర్పింది మీరు. వచ్చి నాలుగు మాటలు చెప్పుండ్రి. గెలిస్తే ఆదివారం మీది, శనివారం నాది. మునుపటి లెక్కనే."

ఆమె కోపంతో అరిచి ఉంటే విద్యాసాగర్ తట్టుకునేవాడు. ఆమె అరవలేదు. తన ఇంట్లో కూర్చుని, తన ఆదివారాన్నే తన చేతిలో పెడుతోంది, గుడి ముందు చిల్లర వేసినట్టు.

"నువ్వు ఇస్తే నేను తీసుకోవాల్నా?"

"మరి ఎవరిస్తే తీసుకుంటరు?"

వేదవతి అరుంధతి చేతిలోంచి కప్పు అందుకుని, టీ మొత్తం తాగి, "వస్త వదినా" అని వెళ్ళిపోయింది.

అరుంధతి తలుపు వేసి వచ్చింది.

"ఆమె పుట్టినరోజు మీకు ఎట్ల గుర్తున్నది?"

"సమితిల ఉండంగ కేక్ కోస్తుండె గదా."

"నాది ఎన్నడు?"

విద్యాసాగర్ ఆలోచించాడు. ఆలోచించాల్సి రావడమే అరుంధతికి జవాబు. ఆమె మిగిలిన టీని సింకులో పోసేసింది.

సాయంత్రం ఎల్లేష్ వచ్చాడు. ఈసారి చెప్పులు బయట విడిచి, సోఫా అంచున కూర్చున్నాడు. జేబులోంచి కొత్త తాళంచెవి తీసి టీపాయ్ మీద పెట్టాడు.

"ఆదివారం మీది సార్. శనివారం గూడ మీదే. ఈ ఆదివారమే నాటకం పెట్టుండ్రి. జనాన్ని నేను తెస్త. స్వర్ణ ముఖ్య అతిథి."

"ఇంకా?"

"షురూ జేసే ముందు నాలుగు మాటలు. ఆ వేదవతికి సమితి బతుకిస్తే, పేరు రాంగనె మిమ్ముల తన్నేసి పోయిందని. నేనంటే రాజకీయం అంటరు. మీ నోట్లె నుంచి వస్తే ఇజ్జత్ ఉంటది."

అది పూర్తిగా అబద్ధం కాదు, పూర్తిగా నిజమూ కాదు. ఆమె వెళ్ళేటప్పుడు కాళ్ళకు దండం పెట్టి వెళ్ళింది. ఆ సంగతి విద్యాసాగర్‌కు బాగా గుర్తుంది. స్టేజి మీద పాడుతున్న ఆమె, ఊపిరి బిగబట్టిన హాలు, ఆ గల్లీ నిండా పరుచుకున్న చెప్పులు కూడా గుర్తున్నాయి.

తాళంచెవి అందుకున్నాడు. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది.

ఆదివారం ఎల్లేష్ మాట నిలబెట్టుకున్నాడు. ఆటోలు ఆటోలుగా జనాన్ని దింపాడు. కుర్చీలు చాలక గోడల వెంట నిలబడ్డారు. విద్యాసాగర్ చక్రవర్తి వేషంలో తెర సందులోంచి చూశాడు. అలాంటి హాలు చూసి ఎన్నేళ్ళయిందో. అరుంధతి కోసం వేసిన ముందు వరస కుర్చీ ఖాళీగా ఉంది. వస్తుందిలే అనుకున్నాడు.

స్వర్ణకు దండ వేశాక మైకు పట్టుకుని, ఒప్పుకున్న నాలుగు మాటలూ అన్నాడు. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగాడు. మూలనున్న ఎల్లేష్ మనిషి చేయి ఎత్తినప్పుడల్లా హాలు చప్పట్లు కొట్టింది.

నాటకం మొదలైంది. రెండో రంగంలో చక్రవర్తి రాజ్యాన్ని తలచుకుని కుమిలిపోతుండగా బయట కర్రలు మోగాయి.

టక్. టక టక. టక్.

వేదవతికి హాలు లేదు. గల్లీలో ముగ్గుపిండితో పెద్ద వలయం గీసి, ఆడవాళ్ళను నిలబెట్టింది. విద్యాసాగర్ గొంతు పెంచాడు. కర్రల తాళం ఆయన మాటల మధ్యలోకి దూరి వాటిని తుంచేస్తోంది. వెనక వరసలో ఒకామె కొంగు సర్దుకుని లేచింది. పక్కామె లేచింది. ఆటోల్లో వచ్చిన వాళ్ళే ఇద్దరిద్దరుగా తలుపు వైపు జరుగుతున్నారు. మూలనున్న మనిషి చేయి ఎత్తాడు. ఈసారి చప్పట్లు చాలా పలచగా వచ్చాయి. ముందు వరసలో స్వర్ణ కాలి బొటనవేలు కర్రలతో పాటు నేల మీద కొడుతోంది. ఎల్లేష్ ఉరిమి చూస్తే ఆగింది. మళ్ళీ మొదలెట్టింది.

కాసేపటికి ఎల్లేష్ ఫోన్ చెవికి పెట్టుకుని బయటికి నడిచాడు.

తన మాట ముగిసి సేనాపతి మాట్లాడాల్సిన చోట విద్యాసాగర్ స్టేజి పక్క కిటికీలోంచి చూశాడు. గల్లీ ఈ చివర నుంచి ఆ చివర దాకా జనం. మధ్యలో రెండు వలయాలు తిరుగుతున్నాయి. బయటి వలయంలో, మాసమ్మ పక్కన, అరుంధతి. కర్రలు పట్టుకోవడం రావడం లేదు. ఒక దెబ్బ వెనకబడి కొడుతోంది. వేదవతి పాడుతూనే వచ్చి, ఆమె మణికట్టు పట్టుకుని, సరిగ్గా ఎక్కడ ఆగాలో చూపించింది. అరుంధతి ఆగింది. తర్వాతి దెబ్బ అందరితో కలిసి పడింది. ఆమె పెద్దగా నవ్వింది. ఆ నవ్వు తన ఇంట్లో ఎప్పుడు విన్నాడో విద్యాసాగర్‌కు గుర్తు రాలేదు.

తెర వెనక నుంచి ఆయన తర్వాతి మాట అందిస్తున్నారు. ఒకసారి, రెండుసార్లు. ఆయన వినలేదు. స్టేజి దిగాడు. కిరీటం పెట్టుకునే, పట్టు శాలువ నేల మీద ఈడుస్తూ, మొదటి కిటికీ రెక్కలు లాగి గడియ వేశాడు. తర్వాత రెండోది. ఖాళీ అయిన కుర్చీల మధ్య దారి చేసుకుంటూ మూడోదాని వైపు నడిచాడు. గడియ తుప్పు పట్టి కదలడం లేదు. రెండు చేతులతో గుద్దుతున్నాడు. కర్రలు మోగుతూనే ఉన్నాయి.

అది కూడా నాటకంలో భాగమేననుకుని వెనక ఎవరో చప్పట్లు కొట్టారు.